అడ్వాన్సు పుస్తకం ఒకసారి తెరిచి చూడండి: గుంటల్లో, బట్టీల్లో, క్వారీల్లో వెట్టి లేకుండా చూసుకోవడం ఎలా

మా నాన్న పోయాక బీరువా సర్దుతుంటే రొయ్యల గుంటల లెక్కల మధ్య ఒక పొడుగాటి పుస్తకం దొరికింది. అట్ట మీద ఏమీ రాసి లేదు. లోపల ఒకే మనిషి పేరు మీద పద్దు. మొదటి లైను అడ్వాన్సు 18,000. దాని కింద బియ్యం 1,400, సంక్రాంతికి బట్టలు 2,000, ఆసుపత్రికి 4,500, గుంట నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ మోటారు కాలినందుకు 6,500, మళ్ళీ బియ్యం, మళ్ళీ ఆసుపత్రి. పక్క గడిలో నెలనెలా కోత 1,000, కొన్ని నెలల్లో 500, గుంట ఎండబెట్టిన నెలల్లో ఉత్త గీత. మూడేళ్ళ తర్వాత చివరి పేజీలో బాకీ 41,000. ఆ మూడేళ్ళూ ఆ మనిషి, అతని భార్య మా గట్టు మీద తాటాకు గుడిసెలో ఉండి, రాత్రంతా ఏరియేటర్లు ఆగకుండా చూస్తూ, వేళకి మేత చల్లుతూ, రొయ్యలు మేత తిన్నాయో లేదో చెక్ ట్రేలు లేపి చూస్తూ పనిచేశారు. పనిచేసిన కొద్దీ బాకీ తగ్గకపోగా రెట్టింపు దాటింది. భార్య పేరు ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

నాన్న ఎవరినీ కొట్టిన మనిషి కాదు. ఆ ఆసుపత్రి ఖర్చు కూడా అర్ధరాత్రి తనే బండి మీద ఎక్కించుకుని నెల్లూరు తీసుకెళ్ళి పెట్టిందే. అయినా ఆ పుస్తకంలో ఉన్నదాన్ని మన చట్టం వెట్టిచాకిరీ అనే అంటుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. అప్పటికి నేను ఒక ప్రాసెసింగ్ ప్లాంట్‌లో హెచ్ఆర్ పని చూస్తున్నా. ఏటా విదేశీ కొనుగోలుదారు తరఫున ఆడిటర్ వస్తాడు, బలవంతపు పని ఉందా అని ఒక గడి ఉంటుంది, లేదు అని టిక్కు పెట్టేది నేనే. మా గుంటల రొయ్యలు వెళ్ళేది ఆ ప్లాంట్‌కే.

అందుకని ఇది రాస్తున్నా. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో గుంటలున్న వాళ్ళకి, ప్లాంట్లకి సరుకో మనుషులో సప్లై చేసే వాళ్ళకి, ఇటుక బట్టీ, రైస్ మిల్లు, చీమకుర్తి గ్రానైట్ క్వారీ, గుండ్లాపల్లి గ్రానైట్ పాలిష్ యూనిట్ నడిపే వాళ్ళకి. బానిసత్వం అనగానే మనకి గొలుసులు, కొరడాలు గుర్తొస్తాయి. మన దగ్గర అది చాలాసార్లు అడ్వాన్సు రూపంలో మొదలవుతుంది, అదీ సాయం చేసినట్టే మొదలవుతుంది. కాబట్టి వెతకాల్సింది కూడా అక్కడే.

వెట్టి అంటే ఏది

వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది, 1975 అక్టోబర్ 25 నుంచి అమల్లోకి వచ్చిన ఆర్డినెన్సు దాని మొదలు. ఆ రోజు నుంచే దేశంలో వెట్టి రద్దయిపోయింది, దానికి సంబంధించిన బాకీలు కూడా రద్దయిపోయాయి. ఈ రెండో ముక్క చాలామందికి తెలియదు. అడ్వాన్సు తీసుకున్నందుకు బదులుగా ఒక మనిషి కూలి లేకుండానో, నామమాత్రపు కూలికో పనిచేయాల్సి వస్తే, లేదా వేరే చోటికి పనికి వెళ్ళే స్వేచ్ఛ పోతే, లేదా ఊళ్ళు తిరిగే స్వేచ్ఛ పోతే, అది వెట్టి. వీటిలో ఒక్కటి ఉన్నా చాలు. మనిషిని గదిలో పెట్టి తాళం వేయాల్సిన పని లేదు. ఇది వెట్టి బాకీ అని కూలీ అంటే, కాదు అని రుజువు చేసుకోవాల్సింది బాకీ ఇచ్చిన వాడే. రద్దయిన ఆ బాకీ కింద మళ్ళీ డబ్బు వసూలు చేసుకున్నా నేరమే, మూడేళ్ళ దాకా జైలు.

సుప్రీంకోర్టు తీర్పులు రెండు తెలుసుకుంటే చాలు. 1982లో ఢిల్లీ ఏషియాడ్ పనుల కూలీల కేసులో, కనీస వేతనం కన్నా తక్కువకి పనిచేయించుకోవడం కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు పనే అని చెప్పింది. ఆకలి కూడా బలవంతమే అన్నది ఆ తీర్పు సారం. ఆ తర్వాత బంధువా ముక్తి మోర్చా కేసు, అది ఫరీదాబాద్ దగ్గర రాతి క్వారీలది, 1983 డిసెంబర్‌లో తీర్పు. మనిషి చేత బలవంతంగా పని చేయిస్తున్నట్టు తేలితే, దాని వెనక అడ్వాన్సు ఉన్నట్టే అనుకోవాలి, లేదని యజమానే చూపించుకోవాలి అంది. చీమకుర్తిలో క్వారీ ఉన్నవాళ్ళు ఈ రెండోదాన్ని ఎవరైనా లాయర్ దగ్గర కూర్చుని వివరంగా అడిగి తెలుసుకోండి.

ఇవన్నీ గుర్తుపెట్టుకోలేకపోతే ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ మనిషి రేపు పొద్దున సంచి సర్దుకుని వెళ్ళిపోతానంటే నేను ఏం చేస్తాను? "బాకీ కట్టి పో" అనేది మీ నోట మొదట వచ్చే మాటైతే అక్కడే సమస్య ఉంది.

కొనేవాళ్ళు ఎందుకు అడుగుతున్నారు

ఇది క్లుప్తంగా చెప్తా. మన రొయ్యలకి పెద్ద మార్కెట్ అమెరికా. బలవంతపు పనితో తయారైన సరుకు దిగుమతిని అక్కడ 1930 నాటి టారిఫ్ చట్టం 307వ సెక్షన్ ఆపేస్తుంది. బ్రిటన్‌లో 2015లో, ఆస్ట్రేలియాలో 2018లో ఆధునిక బానిసత్వం మీద చట్టాలు వచ్చాయి, పెద్ద కంపెనీలు తమ సరుకు వచ్చే దారి మొత్తంలో ఏం చూశాయో ఏటా రాసి బయట పెట్టాలి. యూరప్ అయితే 2027 డిసెంబర్ 14 నుంచి బలవంతపు పనితో చేసిన ఏ సరుకునీ తన మార్కెట్లో అమ్మనివ్వదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వాళ్ళకీ ఇది వర్తిస్తుంది. మన దేశంలోనూ షేర్ మార్కెట్లో ఉన్న మొదటి 1,000 కంపెనీలు షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి ఇచ్చే రిపోర్టులో బాలకార్మికుల గురించి, బలవంతపు పని గురించి రాయాలి, అందుకని వాళ్ళకి సరుకు అమ్మే మనకి కూడా ఆ ప్రశ్నల కాయితం వస్తుంది. ఆ కాయితం నింపడం పెద్ద పని కాదు. అందులో నిజం రాయగలిగేలా ముందు మన చోటు బాగుచేసుకోవడం, అదీ పని.

మొదట సరుకు వెనక ఎవరున్నారో రాయండి

ఒక తెల్ల కాగితం తీసుకుని మీ సరుకు మొదటి నుంచి చివరి దాకా ఎవరి చేతుల మీదుగా పోతుందో వరసగా రాయండి. కంపెనీల పేర్లు వద్దు, పనిచేసే మనుషులు. రొయ్యలైతే హ్యాచరీలో పనివాళ్ళు, గుంట కాపలా కుటుంబం, పిట్టల్ని తోలే పిల్లలు, పట్టుబడి రాత్రి, అంటే రొయ్యలు పట్టే రాత్రి, వల లాగే ముఠా, ఐసు కొట్టే వాళ్ళు, లారీకి ఎత్తే వాళ్ళు, ప్లాంట్‌లో తలలు తీసే, పొట్టు వలిచే ఆడవాళ్ళు, హాస్టల్ వార్డెన్, క్యాంటీన్, సెక్యూరిటీ, రాత్రి కడిగే వాళ్ళు. ప్రతి ఒక్కరి పక్కన మూడు విషయాలు రాయండి: ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరు తెచ్చారు, డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతుంది. రాయలేక ఖాళీ వదిలిన గడులు ఉంటాయే, ముందు చూడాల్సినవి అవే.

నేను ప్లాంట్‌లో ఉన్నప్పుడు గేటు లోపల అన్నీ పక్కాగా ఉండేవి. రిజిస్టర్లు, పీఎఫ్, ఈఎస్ఐ, నోటీసు బోర్డులు, అన్నీ. గేటు బయట నాకు తెలిసింది లారీ నంబరు వరకే. ప్లాంట్ కొత్త షెడ్డు కట్టినప్పుడు ఇటుకలు వచ్చిన బట్టీలో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు ఆరు నెలల లెక్క చివర్లో తేల్చుకునే పద్ధతిలో ఉన్నాయని చాలా తర్వాత తెలిసింది. మేం కొన్నది ఇటుకలు మాత్రమే అనుకున్నాం. కట్టడానికి వాడే ఇటుక, రాయి, కట్టెలు కూడా ఆ కాగితం మీద ఉండాలి.

ఇక్కడి గిరిజనులైన యానాదుల సంగతి విడిగా చెప్పాలి. మన రెండు జిల్లాల్లో గుంట కాపలా, కట్టె కొట్టడం, బాతులు మేపడం లాంటి పనుల్లో అందరికన్నా తేలిగ్గా చిక్కుకునేది వాళ్ళే. చాలామందికి ఆధార్ ఉండదు, లేదా అందులో వివరాలు తప్పు ఉంటాయి, దాంతో బ్యాంకు ఖాతా ఉండదు, రేషను ఉండదు, ఏ చిన్న అవసరం వచ్చినా గుంట యజమాని దగ్గరికే రావాలి. అప్పు అక్కడ మొదలవుతుంది. మీ దగ్గర పనిచేసే కుటుంబానికి ఆధార్ లేకపోతే, ఒక పూట మీ పని మానుకుని అయినా ఊళ్ళోని సచివాలయానికి తీసుకెళ్ళి చేయించండి. నేను చూసినంతలో ఏ ఆడిట్ కాయితం కన్నా ఇదే ఎక్కువ పనిచేసింది.

అడ్వాన్సు ఎలా ఇవ్వాలి

అడ్వాన్సు పూర్తిగా మానేయండి అని నేను అనను. అడ్వాన్సు లేకపోతే ఎవరూ రారు అని మీరు అనేది నిజమే, ఎందుకంటే వర్షాకాలంలో, పని లేని నెలల్లో వాళ్ళకి వేరే దిక్కు లేదు. కానీ ఇచ్చే పద్ధతి మార్చొచ్చు. నేను ఇప్పుడు పాటిస్తున్నది చెప్తా.

ఒక నెల జీతం కన్నా ఎక్కువ అడ్వాన్సు ఇవ్వను. వడ్డీ లేదు. నెల జీతంలో పదో వంతు మించి కోయను. చట్టం ప్రకారం అన్ని కోతలూ కలిపి సగం దాటకూడదు, కానీ సగం కోస్తే ఆ ఇంట్లో తిండి ఉండదు, మళ్ళీ మీ దగ్గరే చెయ్యి చాపుతారు, పుస్తకం మళ్ళీ పెరుగుతుంది. మనిషి మధ్యలో వెళ్ళిపోతే మిగిలిన అడ్వాన్సు నాది కాదు అనుకుంటా. ఇది మొదటి రోజే, భార్యాభర్తలిద్దరి ముందు, నోటితో చెప్తా: "అక్కా, మీరు ఎప్పుడు పోవాలన్నా పోవచ్చు, ఈ డబ్బు కోసం మిమ్మల్ని ఆపను." మొదటిసారి చెప్పినప్పుడు ఆమె నమ్మలేదు. "అట్టెట్లా కుదురుద్ది అయ్యా" అని రెండుసార్లు అడిగింది.

ఆసుపత్రి ఖర్చు, పండగ బట్టలు, ఇలాంటివి సాయంగా ఇచ్చేవి పద్దులో రాయొద్దు. ఇస్తే ఇచ్చేయండి, లేదంటే అప్పని స్పష్టంగా చెప్పి ఇవ్వండి. మా నాన్న పుస్తకంలో ఉన్న తప్పే ఇది, ప్రేమగా చేసిందంతా తర్వాత బాకీగా మారింది. మోటారు కాలితే ఆ ఖర్చు గుంటది, కాపలా మనిషిది కాదు. కూలి, జీతాల మీద వచ్చిన కొత్త కేంద్ర చట్టం వేతనాల కోడ్ కూడా జరిమానాలు జీతంలో 3 శాతం దాటకూడదంటుంది, నష్టం కింద కోయాలంటే ముందు ఆ మనిషి చెప్పేది వినాలంటుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకోలేదని, రొయ్య చచ్చిందని కూలీ మీద వేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. అది మానాలి.

పద్దు రెండు పుస్తకాల్లో ఉండాలి, ఒకటి మీ దగ్గర, ఒకటి వాళ్ళ దగ్గర. చదువు రాకపోతే ప్రతి నెలా గట్టు మీదే కూర్చుని చదివి వినిపించండి, వాళ్ళ పిల్లల్లో బడికి వెళ్ళే వాళ్ళుంటే వాళ్ళ చేత చదివించండి. మా గుంట దగ్గర ఇప్పుడు ఏడో తరగతి చదివే అమ్మాయి చదువుతుంది, ఒకసారి నేను కూడిక తప్పు చేస్తే 300 తేడా పట్టుకుంది.

జీతం మనిషికి విడివిడిగా ఇవ్వాలి. జంటకి కలిపి ఇంత అని మాట్లాడుకోవడం అంటే ఆడమనిషి పని ఉచితం అని చెప్పడమే. ఆమె రాత్రి రెండింటికి లేచి ఏరియేటర్ శబ్దం మారిందని భర్తని లేపుతుంది, మేత బస్తాలు విప్పుతుంది, చచ్చిన రొయ్యలు ఏరుతుంది. ఆమె పేరు రాయండి, ఆమె ఖాతాకి వేయండి. ఏటీఎం కార్డులు ఎవరి దగ్గర ఉన్నాయో కూడా చూడండి. జీతాలు బ్యాంకులో పడుతున్నాయని సంతోషపడి, కార్డులన్నీ రబ్బర్ బ్యాండు వేసి, కూలీల్ని తెచ్చే మేస్త్రీ దగ్గర ఉన్న ముఠాని నేను స్వయంగా చూశా.

జీతం నెల దాటి పెట్టుకోవద్దు. నెల జీతమైతే వచ్చే నెల 7వ తేదీ లోపు, రోజు కూలి అయితే షిఫ్ట్ అయిపోయిన రోజే ఇవ్వాలి. మానేసిన మనిషికి రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. బట్టీల్లో వారం వారం ఖర్చులకి కొంచెం ఇచ్చి సీజన్ చివర్లో లెక్క చేసే పద్ధతి ఉంది కదా, అందులో ఆర్నెల్ల కూలి యజమాని చేతిలో తాకట్టులో ఉన్నట్టే. అలాంటప్పుడు కూలీ ఎలా వెళ్ళిపోగలడు?

ఆధార్, రేషన్ కార్డు, ఏదైనా సరే జిరాక్స్ తీసుకుని అదే నిమిషంలో తిరిగి ఇచ్చేయండి. "భద్రంగా ఉంటాయని పెట్టుకున్నాం" అనే మాట నేను చాలా చోట్ల విన్నా. భద్రం కావాలంటే వాళ్ళ గదిలో తాళం ఉన్న చిన్న పెట్టె కొనివ్వండి, తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉండాలి.

మేస్త్రీతో మాట్లాడే రేటు

ఇక్కడ చాలామంది ఓనర్లు తప్పించుకుంటారు. "మనుషులు మేస్త్రీ వాళ్ళు, నేను మేస్త్రీకే డబ్బిచ్చా" అంటారు. మేస్త్రీతో మాట్లాడిన రేటుని ఒకసారి తలకి, రోజుకి భాగించి చూడండి. పట్టుబడి ముఠాకి టన్నుకి ఇంత అన్నారు. ఎంతమంది దిగారు, రాత్రి ఎన్నింటికి దిగి పొద్దున ఎన్నింటికి బయటికి వచ్చారు, అందులోంచి మేస్త్రీ కమీషను, ట్రాలీ బాడుగ, తిండి తీసేయండి. మిగిలింది తలకి ఎంత వస్తుంది? అది కనీస వేతనానికి తగ్గితే, ఎక్కువ గంటలకి రెట్టింపు ఇవ్వాలన్న లెక్క కూడా కుదరకపోతే, మేస్త్రీ ఎంత మంచివాడైనా ఎవరో ఒకరిని అప్పులో ఉంచకుండా ఆ రేటుకి మనుషుల్ని తీసుకురాలేడు. మనం అడిగిన రేటే అప్పుని పుట్టిస్తోంది. బట్టీలో వెయ్యి ఇటుకలకి ఇంత అని మాట్లాడే రేటుని కూడా ఇలాగే చూడాలి. భార్య, పిల్లలు కూడా చేయి వేస్తేనే రోజు కూలి వస్తుందంటే ఆ రేటు తప్పు. ఆంధ్రాలో కనీస వేతనంలో కరువు భత్యం ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది, కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఈ భాగహారం మళ్ళీ చేయాలి.

మనిషిని తెచ్చినందుకు అయ్యే ఖర్చు, రైలు టికెట్, ఏజెంటు కమీషను, అన్నీ పని ఇచ్చేవాళ్ళే భరించాలి. కొత్తగా వచ్చిన వాళ్ళని మొదటి వారంలోనే అడగండి: ఇక్కడికి రావడానికి ఎవరికైనా ఎంతైనా ఇచ్చావా? ఇచ్చి ఉంటే ఆ డబ్బు మీరు తిరిగి ఇచ్చేసి మేస్త్రీ బిల్లులో తగ్గించుకోండి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, వాటి ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి. అది తెలుగులోనో, వాళ్ళు ఒడియా వాళ్ళైతే ఒడియాలోనో ఉండాలి, లేకపోతే దానివల్ల ఏం ఉపయోగం.

మేస్త్రీతో ఒప్పందం రాసుకునేటప్పుడు నేను మూడు విషయాల మీద గట్టిగా ఉంటా. మా మనిషి ఎదురుగానే కూలి పంచాలి. మాకు చెప్పకుండా ఇంకో మేస్త్రీకి పని అప్పగించకూడదు. మేం ఎప్పుడైనా, అతను లేనప్పుడు, పనివాళ్ళతో మాట్లాడతాం. మూడోదానికి ఒప్పుకోని మేస్త్రీని పెట్టుకోవద్దు. సరుకు పాడైనా సరే.

పనివాళ్ళతో ఎలా మాట్లాడాలి

ఆఫీసు గదికి పిలిచి ఏసీలో కూర్చోబెట్టి అడిగితే అందరూ "బాగానే ఉంది సార్" అంటారు. నేను కూడా అలాగే అడిగేవాణ్ణి. ఆ మాటే రాసుకుని ఫైల్లో పెట్టేవాణ్ణి.

ఒకసారి హాస్టల్‌లో గీజరు పాడైందని చూడ్డానికి వెళ్ళా. వార్డెన్ గదిలో బల్ల కింద ఒక ప్లాస్టిక్ డబ్బా, మూత మీద స్కెచ్ పెన్నుతో ఆదివారం అని రాసి ఉంది. తెరిస్తే నిండా ఫోన్లు, ఒక్కోదానికి పేరు రాసిన కాగితం చుట్టి ఉంది. అమ్మాయిల ఫోన్లు వారమంతా అక్కడే ఉంటాయి, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ఇస్తారు. ఎందుకని అడిగితే, ఆడపిల్లలు కదా సార్, వాళ్ళ మంచికే అంది వార్డెన్. రాత్రి తొమ్మిది తర్వాత గేటుకి బయట నుంచి తాళం. మంటలు అంటుకుంటే? ఆ ప్రశ్నకి ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఫోన్లు ఆ రోజు సాయంత్రమే తిరిగి ఇప్పించాం, తాళం లోపలి వైపుకి మార్పించడానికి మాత్రం నెల పట్టింది, మేనేజ్‌మెంట్‌లో చాలామందికి అది తప్పుగా అనిపించలేదు.

ఫోన్లు తిరిగొచ్చాకే అమ్మాయిలు మాట్లాడటం మొదలుపెట్టారు. ఎలా అడగాలో నాకు అప్పుడు తెలిసింది. నీకు స్వేచ్ఛ ఉందా అని అడిగితే ఎవరూ ఏమీ చెప్పరు. "మీ అమ్మకి ఒంట్లో బాగాలేదని ఫోన్ వస్తే ఎప్పుడు బయల్దేరతావు, ఎవరిని అడగాలి, టికెట్ డబ్బు ఎక్కడిది?" అని అడగండి. "పోయిన నెల చేతికి ఎంత వచ్చింది, ఎందులో కోశారు?" అని అడగండి. "ఇంటికి వెళ్ళిపోయిన వాళ్ళు ఎవరైనా ఉన్నారా, వాళ్ళకి రావాల్సింది ఇచ్చారా?" ఈ మూడో ప్రశ్నకి వచ్చే జవాబుల్లోనే అసలు సంగతి ఉంటుంది. ఆడవాళ్ళతో ఆడవాళ్ళే మాట్లాడాలి, వాళ్ళ భాష వచ్చిన వాళ్ళు మాట్లాడాలి, మేస్త్రీ బంధువుని దుబాసీగా పెట్టుకుంటే ఆ పని దండగ.

కళ్ళతో చూసి తెలుసుకునేవీ కొన్ని ఉన్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ బలవంతపు పనికి 11 గుర్తులు చెప్తుంది. మోసం చేసి తేవడం, కదలనివ్వకపోవడం, ఒంటరిగా ఉంచడం, బెదిరించడం, కాయితాలు లాక్కోవడం, జీతం ఆపడం, అప్పుతో కట్టేయడం, అతిగా పని చేయించడం లాంటివి. మన దగ్గర అవి ఇలా కనిపిస్తాయి: పదిమందిని అడిగితే ఒక్కడే అందరి తరఫునా జవాబు చెప్తాడు. అందరి జవాబూ ఒకే మాటల్లో ఉంటుంది. సంతకాలన్నీ ఒకే చేతిరాతలో ఉంటాయి. గుంట దగ్గరి గుడిసెకి రోడ్డు నుంచి దారి ఉండదు, తాగే నీళ్ళు కూడా యజమాని బండిలోనే రావాలి.

పిల్లలు

14 ఏళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు, 14 నుంచి 18 లోపు వాళ్ళని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. 2016లో చట్టం మార్చాక ఇందులో అనుమానమే లేదు. గుంటల మీద పిట్టల్ని తోలడానికి పెట్టే కుర్రాళ్ళు, బాతుల వెంట నెలల తరబడి ఊళ్ళు తిరిగే పిల్లలు, బట్టీలో ఇటుకలు తిరగేసే పిల్లలు, వీళ్ళని "ఊరికే అమ్మానాన్నల వెంట వచ్చారు" అనుకోవద్దు. గుంటకి పక్షుల వల కట్టించండి, ఖర్చు ఒకసారే. వలస వచ్చిన కుటుంబమైతే బట్టీ మొదలైన వారంలోనే పక్క ఊరి బడి హెడ్మాస్టరుతో మాట్లాడి పిల్లల్ని చేర్పించండి. పిల్లవాడిని పనిలో చూస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

మీ సరుకు వెనక వెట్టి బయటపడితే

మొదట చేయకూడనిది చెప్తా. వెంటనే ఆ సప్లయర్‌ని తీసేసి చేతులు దులుపుకోవద్దు. మేస్త్రీకి ఫోన్ చేసి "ఏందయ్యా ఇది" అని అడగొద్దు. ఆ రాత్రికే ఆ కుటుంబాల్ని ఆటోలో ఎక్కించి ఎక్కడికో పంపేస్తారు, తర్వాత మీరు ఎంత వెతికినా దొరకరు.

ఆర్డీవో దగ్గరికో కలెక్టర్ దగ్గరికో నేరుగా వెళ్ళండి. జిల్లా స్థాయిలో, డివిజన్ స్థాయిలో ఈ చట్టం కింద విజిలెన్స్ కమిటీలు ఉండాలి, వెట్టి నుంచి విడుదలైనట్టు సర్టిఫికెట్ ఇచ్చే అధికారం ఆర్డీవో, కలెక్టర్‌లదే. కొట్టడం, నిర్బంధం ఉంటే 112. ఉచిత న్యాయ సాయానికి 15100. ఆ సర్టిఫికెట్ చాలా ముఖ్యం, ఎందుకంటే కేంద్ర పునరావాస పథకం దాని మీదే ఆధారపడి ఉంది. వెంటనే 30,000 దాకా సాయం, ఆ తర్వాత మగవాళ్ళకి 1 లక్ష, ఆడవాళ్ళకి, పిల్లలకి 2 లక్షలు, అక్రమ రవాణా లాంటి తీవ్రమైన సందర్భాల్లో 3 లక్షలు. ఈ పెద్ద మొత్తాలు కేసు తేలాకే వస్తాయి, తొలి సాయం మాత్రం కేసు కోసం ఆగదు. ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని, కేసు వద్దు, తలా కొంత ఇచ్చి పంపిద్దాం అంటే ఆ మనుషులు సర్టిఫికెట్, పునరావాసం రెండూ పోగొట్టుకుంటారు, ఆర్నెల్లలో ఇంకో గుంట గట్టు మీద ఇంకో అడ్వాన్సు తీసుకుంటారు.

సప్లయర్ నిజంగా మారడానికి సిద్ధంగా ఉంటే, తక్కువ ఇచ్చిన కూలి అంతా లెక్కకట్టి చెల్లించాకే వ్యాపారం కొనసాగించండి, రేటు మార్చాల్సి వస్తే మార్చండి.

అది మీ సొంత గుంటలోనే బయటపడితే, నాకు జరిగినట్టు, పుస్తకం చింపేయొద్దు. కోపంతోనో సిగ్గుతోనో చింపేయాలనిపిస్తుంది. ఆ మనిషికి మనం ఎంత బాకీ ఉన్నామో చెప్పేది ఆ పుస్తకమే. నేను నాన్న పుస్తకం తీసుకుని, మూడేళ్ళ నెలలు లెక్కపెట్టి, ఇద్దరికీ అప్పటి కనీస వేతనం వేసి, ఇచ్చింది తీసేశా. 41,000 బాకీ అన్నది కాస్తా మేమే వాళ్ళకి లక్షల్లో ఇవ్వాలని తేలింది. రెండు పంటలకి విడతలుగా కట్టా, లాయర్ ముందు రాసుకుని. పుస్తకంలో పేరున్న ఆ కాపలా మనిషి అప్పటికే మా దగ్గర లేడు, విడవలూరు వైపు ఇంకొకరి గుంట దగ్గర ఉన్నాడు, వెతికి పట్టుకోడానికి రెండు నెలలు పట్టింది. అక్కడ కూడా ఒక పొడుగాటి పుస్తకం ఉంది. ఆ యజమానితో నేనే మూడుసార్లు మాట్లాడా, నాలుగోసారి లాయర్‌ని వెంటబెట్టుకుని ఆర్డీవో ఆఫీసుకి వెళ్ళా.

పాలసీ, బోర్డులు

ఇవి కూడా కావాలి, కానీ చివర్లో. ఒక పేజీ చాలు: మేం అడ్వాన్సు కోసం ఎవరినీ ఆపం, కాయితాలు పెట్టుకోం, ఇక్కడికి వచ్చేందుకు ఎవరూ డబ్బు కట్టక్కర్లేదు, ఫిర్యాదుకి ఈ నంబరు. తెలుగులో, ఒడియాలో, హిందీలో. చదవలేని వాళ్ళ కోసం వాట్సాప్ ఆడియోగా రికార్డు చేసి పంపండి, మేం అలాగే చేశాం, బోర్డు కన్నా అదే పనిచేసింది. ఆ నంబరు ఓనరుది, మేనేజరుది, మేస్త్రీది కాకూడదు. బయట మనిషి ఎవరైనా, ఒక రిటైర్డ్ టీచరో, లీగల్ సర్వీసెస్ వాలంటీరో అయితే మంచిది. ఎవరు చెప్పారని ఆరా తీయడం మొదలుపెడితే ఆ నంబరుకి ఇంక ఎవరూ ఫోన్ చేయరు.

ఈ పంట పట్టుబడి వచ్చే నెల మొదటి వారంలో ఉంటుంది, కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో, ఇంకా తెలియదు. రేటు పడినా లేచినా, లారీ కదిలిన పొద్దున్నే గట్టు మీద ఇప్పుడు మా గుంట కాసే ఇద్దరి లెక్కా, వల లాగిన 14 మంది లెక్కా వాళ్ళ ఎదురుగానే చదవబోతున్నాం. చదివేది ఆ ఏడో తరగతి అమ్మాయే. ఆ రోజు బడి ఉంటే, బడి వదిలాకే మొదలుపెడతాం.